చాటెడు తవుడు

"గడియ తియ్యయ్యా. రెండు దాటింది."

లోపల మగ్గం చప్పుడు కూడా లేదు.

హేమావతి మగ్గం ఇంటి తలుపుకు చెవి ఆనించి నిలబడింది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో పట్టపగలు ఈ తలుపు మూసి ఉండగా ఆమె చూడలేదు. లోపల పడుగు తాళ్లకు కొదవ లేదు. ఆ ఆలోచన రాగానే మంత్రాలయం స్వామి రాయరి పేరు తలుచుకొని దాన్ని తరిమేసింది. మళ్లీ చెవి పెట్టింది. భర్త ఊపిరి వినిపించింది. ఆ క్షణానికి అదే చాలనుకుంది.

పొద్దున బ్యాంకువాళ్లు వీధి గోడకు అంటించిపోయిన కాగితం అంచుల్లో మైదా జిగురు ఇంకా ఆరలేదు. రేపు పది గంటలకు ఇంటికి తాళం వేస్తామని అందులో ఉంది. మేనేజరు మాత్రం పోతూ పోతూ ఒక మాట అన్నాడు. ఈ రోజు నాలుగు లోపల ఫకీరప్ప స్వయంగా వచ్చి రాజీ కాగితం మీద సంతకం పెడితే తాళం ఆపుతాడట. హేమావతి తమ్ముడు గోపీ, పత్తికొండ టమాటా మార్కెట్టులో దళారి, మొదటి కంతు సొమ్ముతో అప్పుడే బ్యాంకులో కూర్చున్నాడు. తక్కువైనది ఒక్క సంతకం.

ఆ సంతకం పెట్టననే ఫకీరప్ప లోపల గడియ వేసుకున్నాడు.

"అది పెడితే నాలుగు నెలల కష్టం పోతాదే," అన్నాడు ఎట్టకేలకు లోపలి నుంచి. గొంతు గరగరలాడింది. "ఒక్కసారి ఆ పేరుతో సంతకం చేసినానంటే, ఆ కాగితం మనిషి నేనే అని ఒప్పుకున్నట్టయితాది. సాయిప్రసాద్ సారు అదే చెప్పినాడు."

"నువ్వు కాకుంటే ఇంగెవరయ్యా?"

"అది నీకు అర్థం కాదులే."

గడప దగ్గర కూర్చున్న అత్త గురమ్మ తల తిప్పలేదు. తూర్పు గోడకు మేకుకు వేలాడే పాత చాటనే చూస్తోంది. ఆ చాటతో ఇంట్లో ఎవరూ చెరగరు. ఎందుకని హేమావతి కొత్తలో ఒకసారి అడిగింది. "దాన్ని ముట్టొద్దు," అని మాత్రం అన్నది గురమ్మ.

కూతురు పవిత్ర, తండ్రి రాసుకున్న పత్రాన్ని ఒళ్లో పెట్టుకొని మూడోసారి చదువుతోంది. ఇంటరు రెండో సంవత్సరం పిల్ల. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదవడానికి దాని దగ్గరికే వస్తుంది.

"అప్పు ఇచ్చినవాడు ఫకీరప్ప. అప్పు తీసుకున్నవాడు కండెల ఫకీరప్ప," అని పైకే చదివింది. "కండెల ఫకీరప్పకు చెందిన ఇల్లు, మగ్గాలు, శరీరము, పేరు, వేలిముద్ర, అన్నిటిమీదా ఫకీరప్పకు మొదటి హక్కు. నాయనా, ఇద్దరూ నువ్వే గదా?"

"ఇంటిపేరుతో ఉండేటోడు సర్కారు పుట్టించిన కాగితం మనిషి. ఇంటిపేరు లేనోడు ప్రాణముండే మనిషి. బ్యాంకు అప్పిచ్చింది కాగితం మనిషికి. వానిమీద నా హక్కు ముందు. నాకు తీరినాకనే బ్యాంకు. అప్పటికి వాని దగ్గర ఏం మిగల్దు."

"సారు వీడియోలో ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో రాస్తేనే కాగితం మనిషి అన్నాడు. తెలుగులో పెద్ద అక్షరాలే ల్యాకపాయె. అందుకని ఇంటిపేరు మీద పెట్టినాడా?"

"నవ్వుతాండావా?"

"ల్యా నాయనా. నాకు భయమైతాంది," అంది పవిత్ర.

ఆ పత్రానికి ఎర్ర వేలిముద్ర ఉంది, నోటరీ ముద్ర ఉంది. దాన్ని బ్యాంకుకు రిజిస్టరు పోస్టులో పంపి, ఒక చిన్న పత్రికలో ప్రకటన కూడా వేయించాడు. ఆనాటి నుంచి కంతులు కట్టడం మానేశాడు. బ్యాంకు లాయరు జవాబు రాశాడు. ఒకే మనిషి తనకు తాను అప్పు ఇచ్చుకోవడం, తన ఆస్తి తనకే తాకట్టు పెట్టుకోవడం ఏ చట్టంలోనూ లేదని, బ్యాంకు తాకట్టు ఎప్పట్లాగే ఉందని, ఆగిన కంతులకు వడ్డీ పెరుగుతోందని. అంతే, ఒక పేజీ. ఫకీరప్ప ఆ పేజీని మడిచి మగ్గం నాడెల పెట్టెలో పడేశాడు.

మంత్రాలయంలో ఒక సత్రంలో ఆ సారు పెట్టిన సభలో విన్నాడు ఈ సంగతి. బేస్తవారం దర్శనానికి పోయినవాడు. స్వామి పిలిచి వినిపించినట్టే ఉందే హేమా, అన్నాడు ఇంటికి రాగానే. ఆమె ఆ రోజు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు తలుపు ముందర నిలబడి తనను తాను అడుగుతోంది. స్వామి సన్నిధిలో విన్నదంతా స్వామి చెప్పినట్టేనా? తుంగభద్ర ఒడ్డున టీ అమ్మేవాడి మాట కూడా స్వామి మాటేనా?

"అమ్మా, ఆ సారుకు ఫోను చేస్తా," అంది పవిత్ర. "నాయన ఇనేటట్టు."

సాయిప్రసాద్ సారు మొదటి రింగుకే ఎత్తాడు. పవిత్ర స్పీకరు పెట్టి ఫోనును తలుపు సందు దగ్గర పట్టుకుంది.

"చెప్పు తల్లీ. నేను మీ గురించే తలుచుకుంటాండా. భయపడొద్దండి. నాలుగు దాటనియ్యండి. దాటినాదంటే వాళ్లు ఓడినట్టే."

"రేపు తాళం ఏస్తామని కాగితం అంటిచ్చినారు సార్."

"ఎవరింటికి ఏస్తారు? కండెల ఫకీరప్ప ఇంటికి. వాడు కాగితం మనిషి గదా తల్లీ."

"మరి బువ్వ తినేటోడు ఎవడప్పా?" అంది గురమ్మ ఉన్నట్టుండి. పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. "కాగితానికి పెడ్తానా నేను పొద్దుమాపులా రొట్టె?"

సారు మర్యాదగా నవ్వాడు. "పెద్దమ్మ శానా మంచి ప్రశ్న అడిగినారు."

"ఇంగొకటి సార్," అంది పవిత్ర. "మూడేండ్ల కింద మీరూ ఇట్లనే రాసుకున్నారని వీడియోలో చెప్పినారు. మీ ఇల్లు మీకు ఉండాదా?"

ఫోనులో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది.

"ఇల్లంటే తల్లీ... ప్రస్తుతానికి ఈడ కడపలో బాడుగకు ఉంటాండాము. సొంతిల్లు వాళ్ల తాళం కింద ఉండాది. కేసు నడుస్తాండాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు దాటింది. కొంచెం ఆలస్యమైతాది, అంతే. మా ఇంటామె కూడా ఇట్లనే భయపడింది ముందర. ఇప్పుడు వాళ్ల పుట్టింట్లో ఉండాది."

ఆ గొంతులో మోసం లేదు. అందుకే హేమావతికి భయమేసింది. మోసగాడైతే తిట్టి ఫోను పెట్టేయవచ్చు. ఈయన తాళం వేసిన తన ఇంటి ముందర నిలబడి, తాళం లేదని నమ్ముతున్నాడు. పక్కన నిలబడమని ఇంకొకరిని పిలుస్తున్నాడు.

పవిత్ర ఫోను ఆపేసింది. "ఇన్నావా నాయనా?"

లోపల ఏదో నేలమీద పడి దొర్లింది. నాడె అయి ఉంటుంది.

"ఇన్నా," అన్నాడు ఫకీరప్ప. తర్వాత ఒక్కసారిగా తలుపు మీద అరచేత్తో కొట్టాడు. "ఆయప్ప ఓడినాడని అదంతా అబద్ధమైతాదా? అయితే మాయమ్మ చేసింది ఏంది? అది అబద్ధమా? అడుగు హేమా, మాయమ్మను అడుగు! కాగితంగూడా ల్యాకుండా నన్ను ఇంగొకరి సొత్తు అని చెప్పి యముడికే టోపీ పెట్టింది గదా. నలభై ఆరేండ్లయింది. యముడు రాలేదు. యముడు నమ్మినోన్ని బ్యాంకు ఏంటికి నమ్మదు?"

గురమ్మ తలుపు వైపు తిరిగింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఊరంతా తెలుసు. నాకే నువ్వు చెప్పలేదు. సారుతో ఈ మాట అంటే ఏమన్నాడో తెలుసునా? మీయమ్మకు ఈ విద్య ముందే తెలుసప్పా అన్నాడు. బడిలో చేర్చిన దినం ఇంటిపేరు రాయొద్దని అయివారి కాళ్లు పట్టుకున్నావంట. ఆ పొద్దు నుంచి నా సంతకంలో ఇంటిపేరు ల్యా. బ్యాంకులో పెట్టిన సంతకం కూడా ఒట్టి ఫకీరప్పే. ఆధారు కార్డులోనే ఎవడో కండెల అని ఎక్కిచ్చినాడు, బ్యాంకోళ్లు అదే రాసుకున్నారు."

హేమావతి అత్త వైపు తిరిగింది. "ఏమత్తా ఇది?"

గురమ్మ గోడమీది చాట వైపు చూపించింది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"మొదటోడు పదకొండు దినాలు బతికినాడు. రెండోది మూన్నెల్లు. ఈయప్ప పుట్టినాక మూడో దినం ఆ చాటలో పండబెట్టుకొని పోయి ఉసేనక్క గడపలో పెట్టినా. బొరుగుల బట్టీ ఉసేనక్క. చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కునింది. కొనుక్కొని, నా బిడ్డను సాకిపెట్టు గురమ్మా అని నాకే ఇచ్చింది. కండెలోళ్ల ఇంట్లో బిడ్డలు నిలవడంల్యా, ఈడు కండెలోడు కాదు పో అని చెప్పినట్టు. అందుకే ఫకీరప్ప అని పేరు."

"అదే నేను చేసింది," అన్నాడు లోపలి నుంచి. "నన్ను నువ్వు అమ్మి బతికిచ్చుకున్నావు. నన్ను నేను రాసుకొని ఇల్లు బతికిచ్చుకుంటే తప్పా?"

హేమావతికి రెండు పనులూ సమానంగా ఉన్నట్టే తోచాయి, ఎక్కడో సమానంగా లేవు. ఆ తేడా ఏమిటో చేతికి చిక్కడం లేదు. గోడ గడియారం మూడు కొట్టింది.

గురమ్మ లేచింది. మోకాలు పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చింది.

"నేను టోపీ పెట్టలేదురా," అంది తలుపుతో. "నేను నిజంగానే ఇచ్చేసినా. నీకు ఐదేండ్లప్పుడు ఉసేనక్క మొగుడు హైదరాబాదుకు పోదామన్నాడు. పోయేటప్పుడు నా బిడ్డను ఇయ్యి గురమ్మా అంటుందేమోనని నేను నిద్రపోలా. అడిగుంటే ఇయ్యాల్సిందే. తవుడు తిన్నాం గదా, రొట్టెలు కాల్చుకొని. మొత్తానికి వాళ్లు పోలేదు, నువ్వు నాకు దక్కినావు."

గురమ్మ మనవరాలి వైపు తిరిగింది.

"పవిత్రా, ఉసేనవ్వను పిల్చుకరా పో."

హుసేన్‌బీ ఇల్లు నాలుగిళ్ల అవతలే. ఎనభై దాటిన మనిషి, పవిత్ర భుజం పట్టుకొని, ప్రతి గడప దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చింది. దారిలోనే పిల్ల అంతా చెప్పేసినట్టుంది. వస్తూనే తలుపును చేతికర్రతో కొట్టింది.

"ఏరా ఫకీరూ! నిన్ను తాకట్టు పెట్టినారంట?"

"పెద్దమ్మా, నువ్వెందుకు వచ్చినావు ఈ ఎండలో?"

"నా సొత్తు తాకట్టుకు పోతే నాకు ఒక మాట చెప్పొద్దా? తవుడు ఊరికే వచ్చినాదా? ఆ యాడాది బట్టీలో వడ్లే ల్యాకపాయె. మా అత్తతో తిట్లు తిని తెచ్చి పోసినా."

పవిత్ర ఏడుస్తూనే కిసుక్కుమంది.

"సరే, చెప్పు. ఇచ్చినోడు ఎవడు?"

"నేనే పెద్దమ్మా."

"తీసుకున్నోడు?"

"...నేనే."

"అరే బేటా. ఒక చేతిలోది ఇంగో చేతిలో పోసుకుంటే చాటలో ఏం పడ్తాది? మీయమ్మ ఇచ్చినప్పుడు మీయమ్మ ఒడి ఖాళీ అయిపాయె. నేను చూసినా ఆ మొగం. ఇచ్చిందంటే అదిరా. ఎవురి ఒడైనా ఖాళీ కావల్ల. నీ కాగితంలో ఎవురి ఒడి ఖాళీ అయినాది?"

హేమావతికి చిక్కనిది అదే.

గడియ కదిలింది. తలుపు తీసుకొని ఫకీరప్ప గడపలో నిలబడ్డాడు. పొద్దుటి నుంచి నీళ్లు తాగని పెదవులు తెల్లగా పొక్కి ఉన్నాయి. చేతిలో బ్యాంకు లాయరు రాసిన ఆ ఒక్క పేజీ ఉంది. మడతలు విప్పి ఉంది.

"ఇది ముందే సదివినా హేమా," అన్నాడు. "వచ్చిన దినమే అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోడానికే భయమేసింది."

హేమావతి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగుతుండగా చొక్కా గుండీలు తానే పెట్టింది, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు.

ఫోను మోగింది. గోపీ. "అక్కా, మూడున్నర. మేనేజరు గడియారం చూస్తాండాడు. బావ వస్తాండాడా ల్యాదా?"

"వస్తాండాడు."

ఆటోలో హుసేన్‌బీ ముందే ఎక్కి కూర్చుంది. తన సొత్తు సంతకం పెడుతుంటే తాను రాకుంటే ఎట్ల అంది. గురమ్మ ఆఖరున వచ్చింది. చంకలో, కొంగు కింద, గోడమీది చాట ఉంది. హేమావతి చూసింది. అడగలేదు.

బ్యాంకులో జనం పలచబడ్డారు. గోపీ లేచి బావ చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకుంది హేమావతి. "ఎండకు వచ్చినావు, కూర్చో బావా," అన్నాడు అంతే. మేనేజరు మంచివాడే. రాజీ కాగితం ముందుకు జరిపి, కింద గీత చూపించాడు.

ఫకీరప్ప కలం తీసుకొని, అలవాటు కొద్దీ, ఫకీరప్ప అని రాశాడు.

"పూర్తి పేరు రాయండి," అన్నాడు మేనేజరు.

"నా సంతకం ఇదే సార్. ఎప్పుడూ ఇదే."

"ఎప్పుడూ ఇదే అయితే నేనూ ఒప్పుకుందును. కండెల ఫకీరప్ప వేరే మనిషి, నేను కాదు అని మీరే కదా నోటీసు పంపింది. పేపర్లో కూడా వేశారు. ఇప్పుడు ఆధారులో ఉన్నట్టు రాయకపోతే పైవాళ్లు నన్ను అడుగుతారు. ముందర చోటుంది చూడండి. అక్కడ కండెల అని రాయండి, చాలు. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి."

ఫకీరప్ప కలం ఆ ఖాళీ వైపు జరిగింది.

"ఆగప్పా!"

అందరూ తిరిగి చూశారు. గురమ్మ కొడుకు మణికట్టు పట్టుకుంది.

"ఆ పేరు రాయొద్దు. ఇంగా రాయొద్దు. అది రాస్తే నువ్వు మళ్లా మా ఇంటోడివి అయిపోతావు."

"అత్తా, టైము ల్యాదు," అంది హేమావతి.

"నేను విడిపించుకోలేదే వీన్ని! పెండ్లినాడు తవుడు తిరిగిచ్చి తెచ్చుకోవల్ల. ఆ పొద్దు నాకు ధైర్యం చాల్లేదు. తెచ్చుకున్న మర్నాడే ఏమన్నా అయితే? ఇట్లనే ఉండనీలే అనుకున్నా. నీకు పవిత్ర పుట్టినా, వాడు ఇంగా ఉసేనక్క సొత్తే. ఆమె సొత్తును కండెలోడు అని ఎట్ల రాస్తాడు?"

హుసేన్‌బీ కుర్చీలో ముందుకు వంగింది. "నేను విడిచిపెట్టినా గురమ్మా. అల్లా సాక్షిగా చెప్తాండా. రాయనియ్యి."

"మాటతో కొన్నావా అక్కా, మాటతో విడిచేదానికి? కొన్నది తవుడుతో. ఇంటికాడ నేనే చెప్పినా గదా, నిజంగా ఇచ్చినా అని. ఇప్పుడు ఉత్తమాటతో తీసుకుంటే, అప్పుడు ఇచ్చింది కూడా ఉత్తదే అయితాది. అది ఉత్తదైతే యముడు మళ్లా..." ఆమె కొడుకు ముఖం చూసి ఆగిపోయింది.

"అమ్మా, పది నిమిషాలు," అన్నాడు మేనేజరు. కోపంగా కాదు. ఆయనకు ఏం అర్థమైందో, అర్థం కాలేదో.

"ఎదురుగా దాణా అంగడి ఉండాది. ఇట్ల పోయి అట్ల వస్తా."

"నేను పోతా అత్తా," అని గోపీ లేచాడు.

"నువ్వు తెస్తే చెల్లదు. అమ్మింది నేను."

చాట గుండెకు హత్తుకొని గురమ్మ అద్దాల తలుపు తోసుకొని బయటికి పోయింది. డెబ్బై ఏళ్ల మోకాళ్లు. అంత వేగంగా ఆమె నడవడం హేమావతి ఎన్నడూ చూడలేదు.

ఫకీరప్ప కలం కాగితానికి వేలెడు పైన ఆగి ఉంది. పేరు ఉంది, పేరు ముందు ఖాళీ ఉంది.

రాయమని చెప్పాలి. చెప్పడం తన బాధ్యత. ఇల్లు, మగ్గాలు, పవిత్ర చదువు, అన్నీ ఆ మూడక్షరాల చోటులో ఉన్నాయి. హేమావతి నోరు తెరిచింది. కాని పదకొండు దినాల బిడ్డ ఒకడు, మూన్నెల్ల పాప ఒకతి, తాను ఎన్నడూ చూడని ఇద్దరు, ఆ ఖాళీలో పడుకున్నట్టు అనిపించింది. మంత్రాలయం స్వామీ, తండ్రీ, ఇది భయమా, నిజమా? ఒక్కటి చెప్పు. నాలుగు నెలలు ఈయప్ప మనసుకు తలుపు వేసుకున్నట్టు, ఇప్పుడు నేను వేసుకుంటున్నానా?

"హేమా," అన్నాడు ఫకీరప్ప. ఆమె వైపు చూడలేదు. "రాయమంటావా?"

అద్దాల అవతల, రోడ్డుకు ఆ పక్కన, గురమ్మ కనిపించింది. చాట రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. తవుడు గాలికి రేగకుండా కొంగు కప్పింది. మధ్యలో కర్నూలు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆమె ఒక అడుగు రోడ్డు మీద పెట్టి, వెనక్కి తీసింది.

బ్యాంకు కావలి మనిషి లేచి, షట్టరు సగం కిందికి లాగాడు. అత్త ముఖం కనిపించకుండా పోయింది. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. అవి మళ్లీ రోడ్డు మీదికి దిగాయి.

"చెప్పు హేమా."

"రాయి," అంది హేమావతి. లారీ హారన్ ఒకటి బజారంతా చీల్చుకుంటూ మోగింది.